నేరేడు నెల సూది

నా సంచిలో రెండు అరలు.
ఒకదాంట్లో మాత్రల అట్టలు, నిరోధ్ పొట్లాలు, సూది కార్డులు.
ఇంకోదాంట్లో కానుగ గింజలు,
తడి గోనెగుడ్డలో చుట్టిన ఉసిరి మొలకలు.
పలమనేరులో ఆటో ఎక్కి గువ్వలదొడ్డిలో దిగేలోపు
రెండూ కలిసిపోతాయి.
ఒకసారి మాత్రలట్టకు మట్టి అంటితే
దేశమ్మ కోడలు అలిమేలు
కొంగుతో తుడిచి జాకెట్లో దాచుకుంది.

మూడేళ్ళ కిందట మొదటి మీటింగు.
అడవి కమిటీవాళ్ళు టమోటా బాక్సులు బోర్లించి కూర్చున్నారు.
నిరోధ్ అన్న మాట వినగానే మగవాళ్ళు
ఏనుగులు దిగినాయన్నట్టు లేచిపోయారు.
మిగిలింది ఆడవాళ్ళు, ఒక మేక,
ఫైర్ వాచర్ సిద్ధప్ప. అతను నిద్రపోతున్నాడు గనక.

ట్రైనింగులో నేర్పిన మాటలే చెప్పాను.
మనుషులు పెరిగితే పొయ్యిలు పెరుగుతాయి,
పొయ్యిలు పెరిగితే అడవి తరుగుతుంది...
దేశమ్మ వక్కాకు నమలడం ఆపింది.

"చెట్లేమో శానా నాటమంటావు,
బిడ్డల్నేమో తక్కువ కనమంటావు.
ఇదేం లెక్క మే?
ఆ పక్క గుట్టను పలకలు పలకలుగా కోసి
లారీలకెక్కిచ్చినాయనకు ఎంతమంది బిడ్డలో
కనుక్కోనొచ్చినావా?
ఇద్దరే.
ఒకడు బెంగుళూర్లో సదవతా ఉండాడంట."

నా చార్టులో ఆ గుట్ట లేదు.
చార్టు చుట్టేశాను.

ఆమె ఎనిమిది మందిని కన్నది.
ముగ్గుర్ని వంక గట్టున పూడ్చింది.
ఏడో నెల కడుపుతో, నెత్తిన కట్టెల మోపుతో
ఏనుగుల దారిలో దిగుతూ కాలు జారిన చోటు
సాయంత్రం నాకు తీసుకుపోయి చూపించింది.
మామూలు బండ. పైన నాచు కూడా లేదు.
"అప్పుడు నన్నెవురూ అడగలేదు మే,
ఇంగొకరు కావల్నా అని.
అడిగింటే చెప్పుందును."

ఆ రోజు నుంచి లెక్కలు చెప్పడం మానేశాను.
అడగడం మొదలుపెట్టాను.

సూది మూడు నెలలకొకటి.
తారీఖు ఎవరికి గుర్తుంటుంది?
నర్సరీలో సంచులకు మట్టి నింపుతూ
షంషాద్ కనిపెట్టింది:
మామిడి పూతకు ఒకటి,
చింతచిగురుకు ఒకటి,
నేరేడు రాలేటప్పుడు ఒకటి,
సీతాఫలం కన్ను విచ్చితే ఒకటి.
"కార్డునైతే ఎలుక కొరుకుతుందక్కా,
చెట్టును కొరకలేదు గదా."
నవ్వుకున్నాం. తీరా ఆస్పత్రి రిజిస్టరు పక్కన పెట్టి చూస్తే
వారం అటూ ఇటూ సరిపోయింది.

పోయినేడు వానలు వెనకబడ్డాయి.
నేరేడు నెలన్నర ఆలస్యంగా రాలింది.
ఇద్దరికి సూది తప్పింది.
అలిమేలు చంకలో ఇప్పుడు రెండు నెలల పిల్ల.
పేరడిగితే "నేరేడు" అని నవ్వుతుంది.
అసలు పేరు వేరే.
ఇది నేను మీటింగుల్లో చెప్పను.
సెల్‌ఫోన్లో మాత్రం అందరి తారీఖులూ పెట్టుకున్నాను,
చెట్టు మీద అపనమ్మకం కాదు,
వాన మీద.

మొన్న తీగలకు అడ్డమని
వంక నేరేడును కొట్టడానికి కరెంటోళ్ళు వచ్చారు.
దేశమ్మ మానుకు వీపు ఆనించి కూర్చుంది.
"కొట్టుకోండి నాయనా.
దీని బదులు నా కోడలికి సూది ఎప్పుడో
మీరొచ్చి చెప్పి పోతారా?"
లైన్‌మన్‌కి ఏమీ అర్థం కాలేదు.
రెండు కొమ్మలు నరికి, మూడు పండ్లు తిని పోయాడు.

అదే సాయంత్రం నేను ఆటో కోసం నిలబడి ఉంటే
సిద్ధప్ప వచ్చాడు. టార్చిలైటు వెలిగించి ఆర్పి,
మళ్ళీ వెలిగించి,
"మగోళ్ళకు గూడా ఏదో ఉందంటివే ఆపొద్దు,
కుట్లు లేని ఆపరేషను..."

మూడేళ్ళ కిందటి మాట. అంటే
ఆ రోజు ఇతను నిద్రపోలేదు.

"మళ్ళా ఏనుగుల కాపలాకు ఎప్పుడు పోవచ్చు?"
"వారానికి."
కాసేపు అడవి వైపు చూశాడు.
"అయితే సీతాఫలాలప్పుడు రానా?"

"వద్దు," అన్నాను. "బుధవారం రా."